ముప్ఫై రోశమ్మలు

మూలజీవి దినచర్య
మిట్ట శస్త్రవైద్య పాఠశాల
రాసేది: ఏసోబు, కాపరి

ఆరుద్ర కార్తె, సోమవారం

మేత: అవిశాకు రెండు కట్టలు, తుమ్మకాయలు గుప్పెడు. నీళ్ళు: ఒక బకెట్టు. పెంటికలు: నల్లగా, గట్టిగా, శుభ్రంగా ఉన్నాయి.

ఈ పలక మీద రోజూ ఈ మూడు సంగతులే రాయమన్నారు. మిగతా సోది అక్కర్లేదన్నారు. సోది లేకుండా రాయడం నాకు చేతకాదు. ఓపిక ఉన్నవాళ్ళు చదువుకుంటారు, లేనివాళ్ళు పెంటికల దగ్గరే ఆగిపోతారు.

ఇవాళ కొత్త బ్యాచి పిల్లలు వచ్చి, కంచె అవతల నిలబడి రోశమ్మను చూశారు. వాళ్ళలో ఒక్కరు కూడా పుట్టి బుద్ధెరిగాక బతికున్న మేకను చూసినవాళ్ళు కాదు. డెల్టా ఉప్పునీళ్ళలో మునిగాక పశువులు చాలావరకు పోయాయి. మాంసం కుండల్లో పెంచుకోవడం వచ్చాక మిగిలిన నాలుగూ ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. "ఏంది సార్ ఈ వాసన?" అని ఒకడు ముక్కు మూసుకున్నాడు. "అది మేక నాయనా, మల్లెతోట కాదు," అన్నాను.

రోశమ్మ అన్నది మా అత్తగారి పేరు. కొమ్ములు విసరడంలో ఇద్దరికీ పోలిక ఉందని ఆ పేరు పెట్టాను. మా ఆవిడ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. స్కూలువాళ్ళు మాత్రం దీన్ని మూలజీవి అంటారు. గొంతు నుంచి పేగుల దాకా దీని ఒంట్లో ఆవగింజలంత యంత్రాలు పెట్టారు. అవి లోపలి సంగతులన్నీ హాల్లో ఉన్న ముప్ఫై మర మేకలకు, అంటే నకళ్ళకు, చేరవేస్తుంటాయి. రోశమ్మ గుండె ఎలా కొట్టుకుంటే ఆ ముప్ఫై గుండెలూ అలాగే కొట్టుకుంటాయి. దీనికి జలుబు చేస్తే ముప్ఫై ముక్కులూ కారతాయి. పిల్లలు కోసేది, కుట్టేది ఆ నకళ్ళనే. నిజం మేక ఒంటి మీద గీత కూడా పడదు.

మా నాన్న కాలంలో ఇలా ఉండేది కాదు. ఆయన కూడా ఇక్కడే పనిచేశాడు. అప్పట్లో కుక్కల్ని, మేకల్ని బల్లకు కట్టి కోసి నేర్చుకునేవాళ్ళు. పాఠం అయ్యాక వాటిని మళ్ళీ లేపేవాళ్ళు కాదు. తోపుడుబండి మీద వేసుకెళ్ళి పూడ్చడం మా నాన్న పని. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు కలిపి, లేచిపోయేవాడు. అందుకని నకళ్ళు వచ్చాయని, ఇక బతికున్నదాన్ని కోయకూడదని చట్టం వచ్చిందని తెలిసిన రోజు ఈ స్కూల్లో అందరికంటే సంతోషించింది నేనే.

మంగళవారం

మేత: కడుపునిండా. నీళ్ళు: బకెట్టున్నర. పెంటికలు: వంక పెట్టడానికి లేదు.

నకళ్ళకు కొత్త రబ్బరు తోళ్ళు వచ్చాయి. దింపడానికి మనుషులు చాలక నన్ను పిలిచారు. హాల్లో పిల్లలు నకళ్ళ గుండె చప్పుడు వింటున్నారు. నేను తలుపులో కాలు పెట్టానో లేదో ముప్ఫై తలలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి. ముప్ఫై మూతులూ నా కుడి జేబు వైపు సాగాయి. జేబులో తుమ్మకాయలు ఉంటాయి మరి. రోశమ్మకు ఉన్న అలవాటు నకళ్ళకు లేకుండా ఎక్కడికి పోతుంది?

పిల్లలు గొల్లున నవ్వారు. పెద్ద డాక్టరు సౌదామిని మేడం మాత్రం నవ్వలేదు.

"ఏసోబు గారూ, మీరు దయచేసి హాల్లోకి రాకండి. మీరొస్తే వీటికి బుద్ధి నిలవదు, వీళ్ళకీ నిలవదు."

"నా తప్పేముంది మేడం? అలవాటు దానిది, పోలికలు వీటివి."

"ఇంజనీర్లకి చెప్పి ఆ అలవాటు తీయించేస్తాను."

"తీయించండి, నాకేం?" అని వచ్చేశాను. లోపల కాస్త గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

వస్తూ వస్తూ గుమ్మంలో ఆగి కాసేపు చూశాను. కోత మొదలుపెట్టే ముందు పిల్లలు నకలు చెవిని రెండు వేళ్ళతో పట్టుకుని "సెలవా?" అని అడుగుతారు. జంతువుల్ని కోసే కాలంలోనే ఎవరో మంచి మనసున్న డాక్టరు మొదలుపెట్టిన మర్యాద అది. నకళ్ళు తయారుచేసినవాళ్ళు ఆ మర్యాదనే మీటగా పెట్టారు. చెవి పట్టుకోగానే నకలు నిద్రపోతుంది. మనుషుల ఆపరేషన్లో మత్తు ఇవ్వడానికి వేరే డాక్టరు ఉంటాడు. కాబట్టి కోత డాక్టర్లకు అటు చెవి, ఇటు కత్తి తప్ప మధ్యలో ఇంకేదీ అక్కర్లేదు.

ఊడదీసిన పాత తోళ్ళు నా పాక వెనక కుప్ప పోశారు. మునిసిపాలిటీ బండి వచ్చి తీసుకెళ్తుందట. ఆ బండి ఎప్పుడొస్తుందో దాన్ని తోలేవాడికే తెలియదు.

గురువారం

మేత: పొద్దున రెండు ఆకులు. నీళ్ళు: మూతి పెట్టి తీసేసింది. పెంటికలు: లేవు.

నెమరు వేయడం లేదు. మేక నెమరు వేయలేదంటే ఇంట్లో ముసలమ్మ నోరు మూసుకుని కూర్చున్నట్టే, ఏదో గట్టిగా తేడా చేసిందన్నమాట. పాక చుట్టూ తిరిగి చూస్తే సంగతి తెలిసింది. పెనుగాలికి ఒక పాత తోలు ఎగిరి కంచె మీద పడింది. సగం తోలు కంచె మీదే వేలాడుతోంది, మిగతా సగం లేదు. చివర పళ్ళ గాట్లు ఉన్నాయి.

ఆ తోళ్ళు ఏళ్ళ తరబడి పిల్లల చెమట చేతుల్లో నలిగినవి. నాలిక పెట్టి చూశాను, ఉప్పగా ఉంది. ఉప్పంటే మేకకు ప్రాణం.

వాము నూరి, నూనెలో కలిపి తాగించాను. సాయంత్రానికి ఎడమ డొక్క ఉబ్బింది. వేళ్ళతో కొడితే డోలులా మోగుతోంది. నకళ్ళకు కూడా డొక్కలు ఉబ్బి ఉంటాయి, చూసి వాళ్ళే పరుగెత్తుకొస్తారని కూర్చున్నాను. రాలేదు. కొత్త తోళ్ళు బిగుతుగా ఉన్నాయనుకున్నారట.

శుక్రవారం

మేత: లేదు. నీళ్ళు: చేత్తో పట్టించాను. పెంటికలు: లేవు.

సౌదామిని మేడం స్వయంగా పాకకి వచ్చారు. నకలు పొట్టలోకి చూస్తే అంతా కనబడిందట. పెద్ద పొట్టలోంచి బయటికి పోయే దారిలో రబ్బరు ముద్ద బిరడాలా ఇరుక్కుంది.

"కోసి తీస్తే గంట పని, ఏసోబు గారూ. మా సీనియర్లలో ఎవరైనా చేస్తారు. కళ్ళు మూసుకుని చేస్తారు."

"మరింకేంది మేడం? చేయించండి."

ఆవిడ తన వెనకాల నిలబడ్డ పరాంకుశం గారి వైపు చూశారు. ఆయన జంతు రక్షణ అధికారి. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. కానీ ఆయన ఎప్పుడొచ్చినా రోశమ్మకు క్యారెట్టు తెస్తాడు, అది కొమ్ముతో పొడిస్తే తప్పు తనదేనంటాడు.

"స్కూలు ఆవరణలో బతికున్న జంతువుకు కత్తిగానీ, సూదిగానీ, ఏ మొనగానీ తగలకూడదు," అన్నాడు. "చికిత్స పేరుతో అయినా సరే. ఆ నాలుగు మాటలు నేనే పట్టుబట్టి చట్టంలో రాయించాను, ఏసోబూ. అంతకుముందు చికిత్స అని రాసుకుని పాఠాలు చెప్పుకునేవాళ్ళు. మంచి కాళ్ళు విరగ్గొట్టి మరీ చికిత్స చేసేవాళ్ళు. నా కళ్ళతో చూశాను."

"చూసుంటారు సార్. ఇది అట్టాంటిది కాదు గదా. దానికి నిజంగానే రోగం."

"నాకు తెలుసు. చట్టానికి తెలీదు."

"అయితే ఆవరణ దాటించి బయటికి తోలుకుపోతా."

"మూలజీవిని బయటికి తీసుకెళ్ళకూడదు. అమ్ముకుంటారని అది కూడా మేమే పెట్టాం. పైగా బయట పశువైద్యుడు ఎక్కడున్నాడు? పశువులే లేకపోతే పశువైద్యం ఎవరు చదువుతారు?"

కనీసం సూదితో పొడిచి గాలి తీసినా ఇంకో రెండు రోజులు నిలబడుతుంది. సూది కూడా మొనే కదా. గుట్టుగా చేద్దామన్నా కుదరదు. దాని ఒంటి మీద ఆవగింజంత గాటు పడినా హాల్లో ముప్ఫై ఒళ్ళ మీద పడుతుంది, మరుక్షణం సైరన్ మోగుతుంది. ఈ చుట్టుపక్కల నీళ్ళలో మిగిలిన గట్ల మీది ఊళ్ళన్నిటికీ కోత డాక్టర్లు వెళ్ళేది ఈ ఒక్క స్కూలు నుంచే. చట్టం తప్పారని దీనికి తాళం పడితే రేపు కానుపు కష్టమైన ఆడమనిషి సంగతేమిటని మేడం అడిగారు. 

మినహాయింపు కోసం చట్టం చేసే మండలికి అర్జీ పెట్టాడు పరాంకుశం గారు. మండలి వచ్చే పునర్వసు కార్తెలో గానీ కూర్చోదు, అంటే ఇంకా వారం పైనే. అయినా సాయంత్రం దాకా పాక బయట అరుగు మీద కూర్చుని వాళ్ళకూ వీళ్ళకూ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. రోశమ్మ పళ్ళు నూరుతోంది. మేకలు నొప్పి వస్తే అరవవు, పళ్ళు నూరతాయి. ఆ చప్పుడు వినలేక నేను ఊరికే పాక ఊడుస్తూ కూర్చున్నాను.

శనివారం

మేత: లేదు. నీళ్ళు: మింగడం లేదు. పెంటికలు: లేవు.

హాల్లో ఇవాళ రోశమ్మ రోగమే పాఠం. ఇలాంటి కేసు మళ్ళీ దొరకదని మేడం అందరిచేతా చేయించారు. నాకు లోపలికి వెళ్ళే వీల్లేదు కాబట్టి కిటికీలోంచి చూశాను.

ముప్ఫై చెవులు పట్టుకుని ముప్ఫై మంది "సెలవా?" అన్నారు. కోశారు, తీశారు, కుట్టారు. ఎంత చక్కగా చేశారో చెప్పలేను. తొందర లేదు, తడబాటు లేదు. ఒక్కో పళ్ళెంలో ఒక్కో రబ్బరు ముద్ద. ఆ నకళ్ళన్నీ ఒకదాని తర్వాత ఒకటి లేచి నిలబడి ఒళ్ళు విదిలించుకున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు తెలియకుండానే నా చేతులు కూడా కలిశాయి. అంతలో పాక గుర్తొచ్చి సిగ్గేసింది.

పరుగెత్తి వెళ్ళి చూస్తే రోశమ్మ పక్కకు ఒరిగి పడుకుని ఉంది. డొక్క అలాగే ఉంది. ముప్ఫైసార్లు నయమైన రోగం దాని దగ్గరే ఉండిపోయింది.

కోతప్పుడు రోశమ్మ నుంచి విడదీసిన నకళ్ళను పాఠం అయ్యాక మళ్ళీ దానితో కలుపుతారు. కలపగానే నిలబడ్డవన్నీ ఒక్కసారే మోకాళ్ళ మీద కూలబడ్డాయట. కొత్త బ్యాచి పిల్ల ఒకతె ఏడ్చిందట. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు గానీ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆదివారం

మేత, నీళ్ళు, పెంటికలు: లేవు.

తెల్లవారుతుండగా నఫీసా వచ్చింది. ఏడో గట్టు పిల్ల, ఆఖరి సంవత్సరం. చెయ్యంటే ఆ పిల్లదే చెయ్యి అని మేడం కూడా అంటారు. రేపో మాపో చేతి పట్టా అందుకుని సొంత గట్టుకు డాక్టరుగా వెళ్ళాల్సింది.

"బాబాయ్, నేను చేస్తా," అంది.

"నీకేమన్నా పిచ్చా? సైరన్ మోగుద్ది. పట్టా పోద్ది."

"మోగనీ. వాళ్ళొచ్చేసరికి పొట్ట తెరిచి ఉంటది. తెరిచిన పొట్టని కుట్టకుండా ఆపమని ఏ చట్టం చెప్పుద్ది? నువ్వు కాళ్ళు పట్టుకో చాలు."

ఎంత బాగా ఆలోచించిందో చూడండి. వద్దని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. రోశమ్మ బతుకుతుందన్న ఆశ ముందు పరాయి పిల్ల పట్టా నాకు చిన్నదైపోయింది. కాళ్ళు గట్టిగా పట్టుకుని, చూడలేక కళ్ళు మూసుకున్నాను. "సెలవా?" అన్న మాట వినబడింది.

ఆ వెంటనే రోశమ్మ అరిచింది.

దాన్ని ఇన్నేళ్ళుగా పెంచుతున్నాను, అలాంటి అరుపు ఎన్నడూ వినలేదు. రెండు రోజులుగా తల ఎత్తలేనిది కాళ్ళు విదిలించి నన్ను గోడకేసి కొట్టింది. కళ్ళు తెరిస్తే దాని డొక్క మీద జానెడు ఎర్రటి గీత. నఫీసా కత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"మత్తేదమ్మా?" అన్నాను. "మత్తు మందు తేలేదా?"

ఆ పిల్ల నా వంక అయోమయంగా చూసింది.

"చెవి పట్టుకున్నా గదా, బాబాయ్."

అంది గానీ, ఆ మాట తన చెవిన పడ్డాక ముఖంలో రక్తం లేదు. కత్తి గడ్డిలో పడింది. రోశమ్మ మెడ తిప్పి ఆ పిల్లనే చూస్తోంది. నఫీసా వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. "అది నన్ను చూస్తంది, బాబాయ్. కోస్తుంటే ఎప్పుడూ ఏదీ నన్ను చూళ్ళేదు," అంటూ చేతులు చంకల్లో దాచుకుంది. 

"పోనీలే తల్లీ, పోయి మత్తు తీసుకురా, ఇంకా టైముంది," అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. అప్పటికే సైరన్ మోగుతోంది. హాల్లో ముప్ఫై డొక్కల మీద జానెడేసి గీతలు పడ్డాయి.

మేడం, పరాంకుశం గారు, కాపలావాళ్ళు అందరూ వచ్చారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. పరాంకుశం గారు గడ్డిలోంచి కత్తి తీసి, తన చేతిరుమాలులో చుట్టి, దాన్ని పట్టుకుని అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. రోశమ్మ గాయం మీద గుడ్డ అదిమాను. కుట్టు వేయడానికి వీల్లేదు. సూది మొనే కదా.

సోమవారం

పొద్దున జేబులోంచి ఒక తుమ్మకాయ తీసి మూతి దగ్గర పెట్టాను. తింటుందని కాదు. అలవాటు కొద్దీ పెట్టాను. అది పెదాలతో అందుకుంది. నమలలేదు, మింగలేదు. నేనిచ్చాను కాబట్టి నోట్లో పెట్టుకుంది, అంతే.

పరాంకుశం గారు దాని తల పక్కన కూర్చుని తడిగుడ్డతో నాలిక తడుపుతున్నాడు. ఆయన ఫోన్ మోగింది. అర్జీ అందిందని, వరస క్రమంలో విచారిస్తామని మండలి ఆఫీసు నుంచి కబురు. ఆయన "సరే, సంతోషం" అని పెట్టేశాడు.

ఎండెక్కేసరికి పోయింది. కాయ ఇంకా పళ్ళ మధ్యే ఉంది.

మా నాన్న తోలిన తోపుడుబండి స్టోరు గదిలో ఇంకా ఉంది. దాని మీదే తీసుకెళ్ళాను. అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడ "మా అమ్మ పోయినప్పుడు కూడా నువ్వింత ఏడవలేదు," అని మాత్రం అని, తను కూడా కళ్ళు తుడుచుకుంది.

పునర్వసు కార్తె, బుధవారం

మండలి కూర్చుంది. చట్టంలోంచి ఆ నాలుగు మాటలు తీసేసింది. ఇకనుంచి చికిత్స కోసం స్కూల్లో జంతువును కోయొచ్చు. పరాంకుశం గారు ఆ సంగతి చెప్పడానికి పాకకి వచ్చాడు. ఇద్దరం ఖాళీ గాటి దగ్గర నిలబడ్డాం. ఆయన చేతిలో క్యారెట్టు ఉంది, ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు.

తప్పు నఫీసా ఒక్కదాని మీదే రాసి స్కూలును వదిలేశారు, ఆ పిల్లకు పట్టా ఇవ్వలేదు. ఇచ్చినా తీసుకునేది కాదని మేడం అన్నారు. కత్తి పట్టుకోబోతే చెయ్యి వణుకుతోందట. ఏడో గట్టు పడవ ఎక్కుతూ నాకు దణ్ణం పెట్టింది. ఆ గట్టుకు ఈ ఏడు కూడా డాక్టరు లేనట్టే.

ఇక మూలజీవి అక్కర్లేదట. రోశమ్మ ఒంట్లోంచి వచ్చిన కబుర్లన్నీ రోజువారీగా దాచి ఉన్నాయి. వాటిలో ఒక మంచి రోజును ఏరి నకళ్ళకు శాశ్వతంగా పెట్టేశారు. పాక తీసేస్తారు. నన్ను హాల్లోకి మార్చారు, తోళ్ళు కడిగే పని.

గురువారం

మేడం ఈసారి స్వయంగా తలుపు తీసి రమ్మన్నారు. కాలు లోపల పెట్టాను.

ముప్ఫై తలలూ తిరిగాయి. ముప్ఫై మూతులూ నా కుడి జేబు వైపు సాగాయి. వాళ్ళు ఏరిన మంచి రోజు ఆ మంగళవారమట. తోళ్ళు వచ్చిన రోజు. కడుపునిండా తిన్న రోజు.

"ఇంజనీర్లు రేపొస్తారు, ఏసోబు గారూ," అన్నారు మేడం మెల్లిగా. "ఆ అలవాటు తీయించమంటారా?"

తీయించమంటే ఇంకోసారి చంపినట్టు. వద్దంటే రోజూ ఇలా చూస్తూ బతకాలి. జేబులో చెయ్యి పెట్టి కాయలు వెతుక్కున్నాను. ఆవిడ అది చూసి వెళ్ళిపోయారు.

ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి ఒక్కో కాయ పెట్టాను. జేబు చాలక పాకకి వెళ్ళి మిగిలిన కాయలన్నీ తెచ్చాను. ప్రతి ఒక్కటీ పెదాలతో అందుకుంది, వాసన చూసింది. మింగడం మాత్రం వాటికి లేదు కదా, జారి కింద పడ్డాయి. ఒంగి ఏరుతుంటే పిల్లలు వచ్చి చెవులు పట్టుకుని "సెలవా?" అన్నారు. నా వైపు చూస్తున్న తలలు చూస్తూ చూస్తూ వాలిపోయాయి.

ఈ దినచర్య ఇక రాయక్కర్లేదని చెప్పారు. చెయ్యి ఊరుకోవడం లేదు.

మేత: ముప్ఫై తుమ్మకాయలు. తిన్నవి: ఒక్కటీ లేదు.